జమ్ము దగ్గర వినిపించిన పిలుపు

అల్మాటీ నుంచి రాబోయే పన్నెండు మందిని కనుమ మీదుగా నడిపించి, తునుక్-కోల్ సరస్సు మీద కయాక్‌లలో తిప్పి, ఒళ్ళు తడిసినా ప్రాణాలు పోకుండా వెనక్కి పంపే పని ఎవరికి దక్కుతుందో అసిల్కాన్ ఇంట్లో తేలబోతూ ఉండగా పోయినవారం మనం ఆగాం. రాజధాని బిష్కెక్ నుంచి తిలెక్ అనే టూర్ ఏజెంటు వచ్చాడు. ఈ మొదటి జట్టును ఎవరు నడిపితే వేసవంతా వచ్చే జట్లన్నీ వాళ్ళవేనని గడప దాటకముందే చెప్పాడు. అసిల్కాన్ అతని కోసం మందలో బలిసిన గొర్రెనే కోయించింది. ఆమె మొగుడు మెదెర్‌బెక్ రెండేళ్ళ కిందట ఆ సరస్సులోనే పోయాడు. అతను మిగిల్చి వెళ్ళిన కయాక్‌లు తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు. అంతా కుదిరేలా ఉంది అనుకుంటున్నప్పుడు గేటు ముందు జీపు ఆగింది. ఎవరూ పిలవని మనిషి దాంట్లోంచి దిగాడు. మెదెర్‌బెక్‌కు స్వయానా అన్న.

ఆయన పేరు సెయిత్‌కజి. మనం అనొచ్చు, అసిల్కాన్ అనకూడదు. కోడలిగా వచ్చినది మొగుడి వైపు పెద్దల పేర్లు నోట పలకకూడదన్నది ఆ కొండల్లో కట్టుబాటు. పెళ్ళయిన రోజు నుంచీ ఆమెకు ఆయన బాయ్‌కే, అంటే అన్న. ఆయనకు ఆమె కెలిన్, అంటే కోడలు. ఆ ఒక్క మాటను ఎంత కారంగా అనొచ్చో తెలియాలంటే ఆయన నోట వినాలి.

వచ్చీ రావడంతోనే ఆయన నేల మీద పరిచిన భోజనాల గుడ్డ, దస్తర్‌ఖాన్ పైభాగాన, తలుపుకు ఎదురుగా, తల్లి పక్కన కూలబడ్డాడు. ఉడికిన మాంసం పళ్ళెం వచ్చింది. ఆ ఇంట్లో ఎముకలు పంచేది అత్తగారు బూబూష్. మాంసం ఎవరైనా తింటారు, ఏ ఎముక ఎవరి ముందు పడిందన్నదే అసలు సంగతి. తుంటి ఎముక అందరికంటే పెద్దవాళ్ళకు, తొడ ఎముక ఇంటి పెత్తనం చేసేవాళ్ళకు, పక్కటెముకలు కోడళ్ళకు. మెదెర్‌బెక్ పోయిన దగ్గర్నుంచి ఎవరేమనుకున్నా లెక్క చేయకుండా ముసలావిడ తొడ ఎముకను అసిల్కాన్ ముందే పెడుతోంది.

"నీ చేతులు వణుకుతున్నాయి అపా. ఇటివ్వు" అని సెయిత్‌కజి తల్లి చేతిలోంచి పళ్ళెం లాక్కున్నాడు.

తుంటి ఎముక తల్లికి పెట్టాడు. ఒక తొడ ఎముక తిలెక్ ముందు, ఇంకొకటి తన ముందు పెట్టుకున్నాడు. తరవాత పళ్ళెమంతా వెతికి, వెతుకుతున్నట్టు అందరికీ కనబడేలా వెతికి, కొవ్వు అంటని పక్కటెముక ఒకటి ఏరి చివర కూచున్న అసిల్కాన్ వైపు తోశాడు.

"తీసుకో కెలిన్. నీ వాటా."

"గొర్రె నాది బాయ్‌కే."

"గొర్రె నీదే. ఎముకలు మా వంశానివి."

తిలెక్ పట్నంలో పెరిగినవాడే గాని కొండవాళ్ళ బిడ్డే. ఏం జరిగిందో అతనికి విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. తన ముందున్న ఎముకను ముట్టుకోకుండా టీ గిన్నెలోకి తల వంచేశాడు. రెండేళ్ళుగా బూబూష్ ఈ కొడుకు ముందు ఏమీ అనడం లేదు. అది వయసు వల్ల వచ్చిన నెమ్మదితనం అనుకుంటూ వచ్చింది అసిల్కాన్.

ఆమెకు కోపం ముంచుకొచ్చింది. కానీ ఎముక గురించి గొడవ పెట్టుకుంటే పొద్దంతా ఎముక దగ్గరే గడిచిపోతుంది. ఆయనకు కావలసిందీ అదే. లేచి కిటికీ తీసింది. వాకిట్లో పొరుగువాళ్ళు జపార్, దూయ్‌షో ఉన్నారు. గొర్రెను కోసినవాళ్ళు వాళ్ళే. తమ భాగం పొయ్యి దగ్గరే తినేసి చేతులు దులుపుకుంటున్నారు.

"జపార్ బాయ్‌కే, ఆ తోలు కంచె నీడన వెయ్యండి, ఎండకు బిగుసుకుపోతుంది. దూయ్‌షో బాయ్‌కే, మీకు టీ పంపనా?"

"ఇప్పుడేం వద్దమ్మా, ముందు మీ పని కానివ్వు" అన్నాడు దూయ్‌షో. జపార్ తల మాత్రం ఊపాడు. జపార్ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. మెదెర్‌బెక్ పోయాక కట్టెలకైనా, ఎండుగడ్డికైనా, పిలవకముందే వచ్చి నిలబడ్డ మనిషి మాత్రం అతనే. కనుమ మీదికి జట్టు సామాను మోయబోయే గుర్రాలు కూడా అతనివే. ఊళ్ళో ఎవరి సాయాన్ని నమ్ముకున్నావని అడిగితే ఆమె తడుముకోకుండా జపార్ పేరు చెబుతుంది.

కిటికీ దగ్గర్నుంచి తిరిగొచ్చి ఆమె పళ్ళేలు పక్కకు జరిపింది. చేతులు తుడుచుకునే నీలం తువ్వాలును పొడుగ్గా మడిచి దస్తర్‌ఖాన్ మీద పరిచింది.

"ఇది సరస్సు" అంది తిలెక్‌తో. ఉప్పు గిన్నె తెచ్చి దాని తల వైపు పెట్టింది. "ఇది కనుమ." నూనెలో వేయించిన బోర్‌సోక్ రొట్టెముక్కలు మూడు తీసి మజిలీలు పెట్టింది. ఎండుద్రాక్షలు గుప్పెడు తీసి తువ్వాలు అంచున వరసగా పేర్చింది. అవి కయాక్‌లు.

తిలెక్ ముఖంలోకి ప్రాణం వచ్చింది. మోకాళ్ళ మీద ముందుకు జరిగాడు.

"మొదటి రోజు కింది గొర్రెల దొడ్డి దగ్గర్నుంచి నడక" అని ఆమె వేలితో దారి గీసింది. "ఎండ ముదరకముందే ఈ దేవదారు తోపు చేరి ఆగిపోతాం. పట్నం ఊపిరితో ఒక్క రోజులో కనుమ ఎక్కిస్తే వాంతులు చేసుకుంటారు. రెండో రోజు తెల్లారుతూనే ఎక్కడం మొదలు. మంచు గట్టిగా ఉండగానే దాటెయ్యాలి. అటువైపు దిగితే సరస్సు తల. కయాక్‌లు అక్కడ తయారుగా ఉంటాయి."

"కయాక్ జన్మలో ఎక్కనివాళ్ళు ఐదుగురున్నారక్కా."

"తెలుసు. అందుకే మూడో రోజు పొద్దున్నంతా మోకాలి లోతులోనే. ప్రతివాడూ తిరగబడాలి, బోర్లా పడ్డ కయాక్‌లోంచి తనంత తాను బయటికి రావాలి. అది రానివాణ్ణి లోతుకు తీసుకెళ్ళను."

"మేం డబ్బిచ్చాం, ఎందుకు తీసుకెళ్ళవు అంటే?"

"ఒడ్డున కూచోబెట్టి టీ ఇస్తాను. నా టీ బాగుంటుంది."

తిలెక్ నవ్వాడు. అసిల్కాన్ నవ్వలేదు గాని లోపల కొంచెం తేలికపడింది. నాలుగో రోజు తూర్పు ఒడ్డు పట్టుకుని, నీళ్ళలో మనిషెత్తు పెరిగే జమ్ము గడ్డి దాకా తెడ్లు వేయడం, మధ్యాహ్నపు గాలి లేవకముందే ఒడ్డుకు చేరిపోవడం, ఆ ఒడ్డున తన మకాం, గుడారాలు, సాయంత్రానికి చేపలు. ఒక్కొక్కటీ చెబుతూ ఎండుద్రాక్షల్ని తువ్వాలు అంచు వెంట నడిపిస్తోంది. ఈ దారంతా ఆమె, మెదెర్‌బెక్ కలిసి తొక్కిందే. కయాక్‌లు కూడా ఇస్సీక్-కూల్ అనే పెద్ద సరస్సు ఒడ్డున మూతపడ్డ విశ్రాంతి గృహం నుంచి అతను లారీలో తెచ్చి, చిల్లులు పూడ్చి, రంగులు వేసినవే. అతను పోయాక నీళ్ళంటేనే ఆమెకు వణుకు పుట్టేది. ఆ వణుకుతోనే దిగింది. తిరగబడటం, బయటికి రావడం, మళ్ళీ తిరగబడటం. నేర్చుకునేదాకా ఒడ్డుకు రాలేదు.

అంతలో సెయిత్‌కజి చెయ్యి చాపాడు. దేవదారు తోపు దగ్గరున్న బోర్‌సోక్ తీసి, మీగడలో ముంచి, నోట్లో వేసుకున్నాడు.

"ఇక్కడ మజిలీ లేదు" అన్నాడు నములుతూ.

ఆయన రెండోది కూడా తీశాడు.

"ఇక్కడా లేదు. సెలవలకు వచ్చేవాళ్ళు మోకాళ్ళు అరగ్గొట్టుకోడానికి వస్తారా తిలెక్? నా మోటారు పడవ ఉంది. ఒడ్డున ఎక్కించుకుంటాను, అవతలి ఒడ్డున దించుతాను. రోజుకో గొర్రె, కావలసినంత గుర్రప్పాల కుమిస్, గుర్రాల మీద కుర్రాళ్ళ ఆటలు. ఆ రంగు డొప్పలంటావా, ఒడ్డున కట్టి ఉంచుదాం. ఎక్కి కూచుని ఫొటోలు దిగుతారు."

"వాళ్ళు నడకా, కయాకే అడిగారు సెయిత్‌కజి బాయ్‌కే" అన్నాడు తిలెక్ మర్యాదగా. "పడవలో కూచోవాలంటే వాళ్ళకి ఊళ్ళోనే చెరువుంది."

"తినండి బాయ్‌కే" అంది అసిల్కాన్. "ఆకలి మీద వచ్చినట్టున్నారు. కనుమ కూడా మింగెయ్యండి, ఉప్పే కదా."

సెయిత్‌కజి నమలడం ఆపాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఇన్నేళ్ళుగా అవతలి ఒడ్డుకు ఎవరు వెళ్ళాలన్నా ఆయన పడవే దిక్కు. కాళ్ళతో కనుమ దాటి, చేతులతో సరస్సు దాటగలమని జనానికి తెలిస్తే ఆ పడవ ఎవరికీ అక్కర్లేదు. తమ్ముడు ఉన్నప్పుడే ఈ సంగతి మీద అన్నదమ్ములకు మాటల్లేకుండా పోయాయి. అది అందరికీ తెలుసు. ఆయన ఇప్పుడు ఆ సంగతి ఎత్తలేదు. అంతకంటే పదునైనది ఆయన దగ్గరుంది.

"తిలెక్" అన్నాడు నెమ్మదిగా, "నా తమ్ముడు ఎలా పోయాడో ఈవిడ నీకు చెప్పిందా?"

"సరస్సులో పోయారని చెప్పింది."

"ఎలాగో చెప్పిందా అని."

అసిల్కాన్ చెయ్యి తువ్వాలు మీదే ఆగిపోయింది. ఆయన దీన్ని బయటికి తీస్తాడని ఆమె భయపడుతూనే ఉంది. పరాయివాడి ముందు తీస్తాడని మాత్రం అనుకోలేదు.

"నేను చెబుతాను విను. శరదృతువు. కయాక్‌కు కొత్తగా వేసిన అతుకు చూసుకుంటానని వాడు ఒక్కడే సరస్సు లోపలికి వెళ్ళాడు. గాలి లేచింది, తిరగబడ్డాడు. అప్పుడే నేను మోటారు పడవలో అవతలికి వెళుతున్నాను. జమ్ము సందులో రెక్కలకు నాచు చుట్టుకుంటుంది, అక్కడ మోటారు ఆపి దులపక తప్పదు. ఆపాను. ఒడ్డు మీంచి ఆడగొంతు వినబడింది. బాయ్‌కే, బాయ్‌కే అని." ఆయన ఆ పిలుపును సన్నటి గొంతుతో అనుకరించాడు. "రేవు నిండా మగాళ్ళు. మన దేశంలో పెద్దవాడైన ప్రతివాడూ బాయ్‌కేనే. ఎవర్నో పిలుస్తోంది అనుకున్నాను. తల కూడా తిప్పలేదు. మోటారు వేసుకుని నా దారిన నేను పోయాను. సెయిత్‌కజీ అని ఒక్క కేక, ఒక్కటంటే ఒక్కటి వేసి ఉంటే, ఇవాళ నా తమ్ముడు ఇక్కడ కూచుని ఈ ఎముక కొరుకుతూ ఉండేవాడు."

తొడ ఎముకను ఎత్తి చూపించి కింద పెట్టాడు.

ఇది ఊరికి కొత్త కాదు. కర్మ రోజుల్లోనే ఆయన ఈ మాట అన్నాడు, ఊరు నమ్మింది. కొందరు ముసలమ్మలయితే అసిల్కాన్ చేతులు పట్టుకుని, మొగుడు మునిగిపోతున్నా నోట పెద్దల పేరు రానివ్వలేదు తల్లీ అని మెచ్చుకున్నారు కూడా. ఆ మెప్పుకంటే చెంపదెబ్బ నయం అనిపించింది ఆమెకు. రెండేళ్ళుగా ఒంటరిగా నీళ్ళ మీద ఉన్నప్పుడల్లా ఆ పేరును పెదాల మీదికి తెచ్చుకుని మింగేసేది. ఒక్క పేరు. అనేసి ఉంటే పోయేదేముంది అని తనను తాను తిట్టుకోని రోజు లేదు.

"ఇప్పుడు నువ్వే చెప్పు" అన్నాడు సెయిత్‌కజి. "సొంత మొగుడు పోతుంటేనే నోరు తెరిచి పేరు పిలవలేని మనిషి చేతుల్లో పన్నెండు మందిని పెడతావా? వాళ్ళలో ఒకడు మునిగితే ఏమని కేక వేస్తుంది? బాయ్‌కే అనా?"

తిలెక్ ఆమె వైపు చూశాడు. కాదను, ఏదో ఒకటి చెప్పు అన్నట్టు చూశాడు. ఆయన చెప్పినదాంట్లో ఏది అబద్ధమని అనాలి? పిలిచింది నిజం. పేరు పెట్టకపోవడం నిజం. పడవ వెళ్ళిపోవడం నిజం.

"నన్ను తప్పుగా అనుకోకు అక్కా" అన్నాడు తిలెక్ చివరికి. "దారి నీదే బాగుంది. కానీ అల్మాటీ వాళ్ళకు నేను జవాబు చెప్పుకోవాలి. ఈసారికి సెయిత్‌కజి బాయ్‌కే నడిపిస్తారు. నువ్వు ఆయన కింద పని చెయ్యి. వంటా, గుడారాలూ చూసుకో."

"వంట బాగా చేస్తుంది" అన్నాడు సెయిత్‌కజి. మూడో బోర్‌సోక్ కూడా తీసుకున్నాడు, జమ్ము ఒడ్డున ఉన్నది, ఆమె మకాం. దాన్ని నోట్లో వేసుకుంటూనే లేచాడు. "పద, పడవ మోటారు జీపు వెనకే ఉంది, చూపిస్తాను. చేతులు కడుక్కుని వచ్చి దీవెన చెప్పుకుందాం. దీవెన పడితే ప్రయాణం ఖాయమైనట్టే."

మగవాళ్ళు బయటికి వెళ్ళారు. తువ్వాలు మీద మజిలీలు లేని సరస్సు మిగిలింది. అసిల్కాన్ ఎండుద్రాక్షల్ని ఒక్కొక్కటే ఏరి గిన్నెలో వేసింది. కన్నీళ్ళు వచ్చాయి గాని తుడుచుకోడానికి చేతులు జిడ్డుగా ఉన్నాయి. బూబూష్ తన ముందున్న తుంటి ఎముక వైపే చూస్తోంది. ఒక్క ముక్క కూడా తినలేదు.

"అపా, మీరు కూడా నాదే తప్పు అనుకుంటున్నారా?"

ముసలావిడ కిటికీ వైపు తిరిగి కూచుంది.

భోజనం అయ్యాక పెద్దల చేతుల మీద నీళ్ళు పొయ్యడం కోడలి పని. పగ ఉన్నా, ఏడుపు ఉన్నా ఆ పని తప్పదు. ఆమె వెచ్చటి నీళ్ళ కూజా, పళ్ళెం, భుజాన తువ్వాలుతో గడప మీదికి వచ్చింది. సరస్సు మీద గాలి అప్పుడే లేచింది. కంచె దగ్గర జపార్ గొర్రె తోలును సాగదీసి కడుతున్నాడు. దూయ్‌షో నీళ్ళ తొట్టి అంచున కూచుని కత్తి తుడుచుకుంటున్నాడు. సెయిత్‌కజి వీపు ఇటు పెట్టి, జీపు వెనక మోటారు మీద వంగి, దాన్ని తిప్పి చూపిస్తున్నాడు. అది గుర్రుగుర్రుమంటోంది. తిలెక్ పక్కన నించున్నాడు.

"బాయ్‌కే" అంది అసిల్కాన్.

గట్టిగా అనలేదు. రోజూ అనేలాగే అంది. గాలిలో, మోటారు చప్పుడులో అది తనకే సరిగ్గా వినబడలేదు.

దూయ్‌షో కత్తి మీంచి తల ఎత్తలేదు. జపార్ తాడు ముడి వదల్లేదు. సెయిత్‌కజి మోటారు ఆపి, వెనక్కి తిరిగి, నీళ్ళ కోసం రెండు చేతులూ ముందుకు చాపుకుంటూ వచ్చాడు.

ఆమె కూజా ఎత్తింది. వంచలేదు.

"ఏమైంది, పొయ్యి" అన్నాడు సెయిత్‌కజి.

"దూయ్‌షో బాయ్‌కే" అంది ఆమె, కళ్ళు ఆయన మీంచి తిప్పకుండానే. "ఇప్పుడు నేను ఎవర్ని పిలిచాను?"

"ఎవర్నేంటమ్మా. మీ బాయ్‌కేనే" అన్నాడు దూయ్‌షో.

"మీరూ నాకు బాయ్‌కేనే కదా. మీరెందుకు తల ఎత్తలేదు?"

దూయ్‌షో ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. "నన్నయితే దూయ్‌షో బాయ్‌కే అంటావు. ఇతన్ని జపార్ బాయ్‌కే అంటావు. పేరు తగిలించకుండా ఉత్త బాయ్‌కే అని నువ్వు పిలిచేది ఊరంతటి మీదా ఒక్కరినే, పేరు అనకూడనివాణ్ణి. అది మా ఇంటి దూడకు కూడా తెలుసు." చెబుతూ చెబుతూ అతని గొంతు నెమ్మదించింది. కత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఆ రోజు రేవులో నేనూ ఉన్నాను. నీ కేక విన్నాం. మమ్మల్ని కాదని మా అందరికీ తెలుసు. పడవా ఆయనదే, పిలుపూ ఆయనకే. అందుకే మేమెవరం కదల్లేదు."

రెండేళ్ళుగా ఊరంతా ఆ మాట అంటూ వింటూ ఉంది, ఒక్కళ్ళయినా దాన్ని ఇలా తిప్పి చూడలేదు. అసిల్కాన్ కూడా చూడలేదు. చూసుకోవలసిన చోటంతా ఆమె తన తప్పే చూసుకుంది. పేరు పెట్టి పిలవలేదని ఏడ్చింది గాని, పేరు పెట్టకుండా పిలవడమే ఆయన్ని వేలు పెట్టి చూపించడమని ఆమెకు తట్టలేదు.

సెయిత్‌కజి చాపిన చేతులు ఇంకా అలాగే ఉన్నాయి.

"గాలి" అన్నాడు. "ఆ రోజు గాలి ఎలా ఉందో మీకేం తెలుసు. గొంతు ఎవరిదో ఆనవాలు చిక్కలేదు. తల తిప్పి ఉంటే చూసేవాణ్ణి, చూసి ఉంటే వెనక్కి..."

"తిప్పావు."

ఆ మాట కిటికీలోంచి వచ్చింది. బూబూష్ రెండు చేతులతో కిటికీ చట్రం పట్టుకుని నించుంది.

"నేను దూడల కోసం గట్టెక్కాను. రేవులోవాళ్ళకు జమ్ము అడ్డం, పైనుంచి అంతా కనబడుతుంది. జమ్ము సందులో మోటారు ఆగింది. కోడలు కేక వేసింది. నువ్వు ఇందాక తిరిగినట్టే తిరిగావు. వాడి కయాక్ బోర్లా పడి ఉన్న వైపు చూశావు. లేచి నించున్నావు కూడా. అప్పుడు నీ పక్కనున్నవాడు నీ చొక్కా పట్టి లాగి కూచోబెట్టాడు. ఏదో అన్నాడు. నువ్వు మళ్ళీ మోటారు తిప్పావు."

"అపా, ఊరుకో. నీకు కళ్ళు సరిగ్గా ఆనవు."

"ముఖం ఆనలేదు. మనుషులు ఇద్దరని ఆనింది." అంది ఆవిడ. "ఒకడు మట్టిలోకి వెళ్ళిపోయాడు. రెండోవాణ్ణి కూడా పోగొట్టుకోలేక నోరు కుట్టుకున్నాను. దీని కూడు తింటూ, దీని చేత తలకు నూనె రాయించుకుంటూ, ఇది తనను తాను తినేస్తుంటే చూస్తూ కూచున్నాను. ఇవాళ నా చేతిలో పళ్ళెం లాక్కున్నావు చూడు, అప్పుడు నాకు సిగ్గేసింది. నీకు భయపడి బతుకుతున్నానని సిగ్గేసింది."

అసిల్కాన్ కూజాను గడప మీద దించింది. రెండేళ్ళు పెదాల దాకా తెచ్చి మింగిన పేరు ఈసారి మింగలేదు.

"సెయిత్‌కజి" అంది.

దూయ్‌షో లేచి నించున్నాడు. తిలెక్ నేల వైపు చూశాడు. ఆ వాకిట్లో ఎవరో ఒకరి చెంప పగిలినంత పనైంది.

"నీ పక్కన కూచున్నది ఎవరు?"

మీరు పోయి నువ్వు వచ్చింది. ఆయన ఎప్పుడూ ఎవరి ముందూ దించని తల దించుకుని, తడవని తన చేతుల వైపు చూసుకున్నాడు. "నన్ను అడక్కు" అన్నాడు. అందులో పెత్తనం లేదు, బతిమాలుకోవడం ఉంది.

"అడుగుతాను. రోజూ అడుగుతాను. పేరు పెట్టే అడుగుతాను" అంది అసిల్కాన్. తరవాత తిలెక్ వైపు తిరిగింది. "తమ్ముడూ, నేను ఎవర్నయినా పేరు పెట్టి పిలవగలను. విన్నావుగా. ఇంకేమైనా అనుమానం ఉందా?"

తిలెక్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "లేదక్కా. దారి నీదే. జట్టూ నీదే." జీపు వైపు చూడకుండా నాలుగడుగులు దూరం జరిగి నించున్నాడు.

"అయితే నేను దీవిస్తాను" అంది కిటికీలోంచి బూబూష్. "ఈ ఇంట్లో పెద్దదాన్ని నేను. తుంటి ఎముక నా ముందే పెట్టారుగా."

ఆవిడ రెండు అరచేతులూ ఆకాశానికి తెరిచింది. దీవెన చెబుతుంటే చేతులు కిందికి వేలాడేసి నించోవడం ఆ నేల మీద పుట్టినవాడి వల్ల కాదు. తిలెక్ చేతులు లేచాయి. దూయ్‌షో కత్తిని తొట్టి మీద పెట్టి అరచేతులు తెరిచాడు. సెయిత్‌కజి చేతులు కూడా, ఆయన ప్రమేయం లేనట్టు, నెమ్మదిగా పైకి వచ్చాయి.

"నా కోడలు అసిల్కాన్ ముందు నడవాలి" అంది బూబూష్. "దారి వెడల్పు కావాలి. నీళ్ళు నిమ్మళంగా ఉండాలి. ఎందరు వెళ్ళారో అందరూ తిరిగి రావాలి. కేక వేస్తే పలికేవాడు పక్కనుండాలి. ఓమీన్."

అసిల్కాన్ అరచేతులతో ముఖం తుడుచుకుంది. కన్నీళ్ళూ వాటితోపాటే పోయాయి. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా కంచె కనబడింది. మొదటి రోజు తెల్లారుతూనే గుర్రాలతో గేటు ముందుకు రావలసిన మనిషి అక్కడే నించుని ఉన్నాడు.

జపార్ రెండు చేతులతోనూ గొర్రె తోలును గట్టిగా పట్టుకుని ఉన్నాడు. దీవెన మొదలై ముగిసేదాకా ఆ చేతులు లేవలేదు.